తుంటి కీలు రెండోసారి

తుంటి కీలు మార్పించుకోవడానికి సిద్ధపడేవాళ్లు డాక్టర్ని మొట్టమొదట అడిగేది ఒకటే: 'ఇది ఎన్నేళ్లు పనిచేస్తుందండీ?' దానికి మామూలుగా వచ్చే జవాబు 'పదిహేను, ఇరవై ఏళ్లకు ఢోకా లేదు' అన్నది. ఆ జవాబు తప్పు కాదు. ఆస్ట్రేలియా, ఫిన్లాండ్ దేశాల కీళ్ల మార్పిడి రిజిస్టర్లలో నమోదైన ఆపరేషన్లను లెక్కగట్టి 2019లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం 15 ఏళ్ల తర్వాత 89 శాతం, 20 ఏళ్ల తర్వాత 70 శాతం, 25 ఏళ్ల తర్వాత 58 శాతం కీళ్లు మళ్లీ మార్చాల్సిన అవసరం రాకుండా పనిచేస్తూనే ఉన్నాయి. కర్ర సాయంతో కుంటుతూ నడిచిన మనిషిని రెండు మూడు నెలల్లో మామూలు నడకకు తెచ్చే చికిత్స ఇంతకాలం నిలవడం గొప్ప విషయమే. 2007లో అదే పత్రిక దీన్ని శతాబ్దపు ఆపరేషన్‌గా పేర్కొన్నదీ అందుకే.

అయితే ఇవే అంకెలను రెండో వైపు నుంచి కూడా చదవాలి. పాతికేళ్లు గడిచేసరికి నూటికి 42 కీళ్లను మళ్లీ మార్చాల్సి వచ్చింది. డెబ్బై దాటాక ఆపరేషన్ చేయించుకున్నవారికి దీనితో పెద్దగా పనిలేదు. బ్రిటన్‌లో తుంటి, మోకాలి మార్పిడులను పరిశీలించి 2017లో వెలువరించిన లెక్కల్లో ఆ వయసువారికి జీవితకాలంలో రెండో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం 5 శాతమే. యాభైల తొలినాళ్లలో ఉన్న మగవారికి మాత్రం అది మూడో వంతు దాకా వెళ్లింది. మన దగ్గర ఈ సంగతికి మరింత ప్రాధాన్యం ఉంది. పాశ్చాత్య దేశాల్లో తుంటి మార్పిడి ఎక్కువగా ముసలితనపు అరుగుదల వల్ల జరుగుతుంది. మన దేశంలో ముప్పై, నలభై ఏళ్లవాళ్లకే తొడ ఎముక తలకు రక్తం అందక చచ్చుబడిపోయి కీలు మార్చాల్సిన పరిస్థితి వస్తోంది. ఏవీఎన్ అని డాక్టర్లు పిలిచే ఈ జబ్బుకు స్టెరాయిడ్ మందులు, మితిమీరిన మద్యం ముఖ్య కారణాలు. ఆదిలాబాద్, పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు కూడా ఇదే పని చేస్తుంది. నలభై ఏళ్లకే కీలు మార్పించుకున్న మనిషి ముందు ఇంకా ముప్పై, నలభై ఏళ్ల జీవితం ఉంటుంది.

అందువల్ల 'ఎన్నేళ్లు' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. అది చెడిపోవడం మొదలైతే మనకెలా తెలుస్తుంది, తెలిసే సరికి దాని చుట్టూ ఎంత ఎముక మిగిలి ఉంటుంది అన్నవి అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు. కృత్రిమ తుంటికి వచ్చే చిక్కుల్లో చాలావాటిని తొందరగా పట్టుకుంటే చిన్న పనితో సరిపోతుంది, ఆలస్యమైతే పెద్ద ఆపరేషన్ అవుతుంది. ఆ తేడా ఎందుకు వస్తుందో వివరించడమే ఈ అధ్యాయం పని.

తొలి నెలల ముప్పు

కృత్రిమ తుంటిలో నాలుగు భాగాలుంటాయి. కటి ఎముకలో బిగించే గిన్నె, దాని లోపల ప్లాస్టిక్ అస్తరు, ఆ అస్తరులో తిరిగే బంతి, బంతిని మోస్తూ తొడ ఎముక గొట్టంలోకి దిగే కాడ. సహజమైన కీలును బలమైన గుళిక, స్నాయువులు చుట్టి పట్టుకుని ఉంటాయి. ఆపరేషన్‌లో వాటిని కోసి తెరవాల్సిందే కాబట్టి అవి మళ్లీ అతుక్కుని గట్టిపడే వరకు బంతి గిన్నెలోంచి జారిపోయే ప్రమాదం ఉంటుంది. కీలు తప్పడం అని మనం, డిస్‌లొకేషన్ అని డాక్టర్లు అనే ఈ చిక్కు నూటికి ఒకరి నుంచి ముగ్గురికి వస్తుంది, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. మోకాలిని ఛాతీ వైపు బాగా మడిచి, కాలిని లోపలికి తిప్పినప్పుడు బంతి వెనక్కి జారుతుంది. పొట్టి పీట మీద కూర్చుని లేవడం, నేలమీది మరుగుదొడ్డి వాడటం, కాలు మీద కాలు వేసుకోవడం దాదాపు ఇలాంటి కదలికలే. మొదటిసారి జారితే మత్తు ఇచ్చి కోత లేకుండానే సరిచేయవచ్చు. మాటిమాటికీ జారుతుంటే మాత్రం గిన్నె అమరిన కోణంలోనో, కండరాల పట్టులోనో లోపం ఉందన్నమాట, దాన్ని ఆపరేషన్‌తోనే దిద్దాలి. ఒకప్పుడు 22 మిల్లీమీటర్ల బంతి వాడేవారు, ఇప్పుడు 32, 36 మిల్లీమీటర్లవి వాడుతున్నారు. బంతి పెద్దదైతే జారడానికి అంత ఎక్కువ దూరం కదలాలి కనుక ఈ ముప్పు తగ్గింది.

ఇంతకన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇన్ఫెక్షన్. నూటికి ఒకరికి మించి రాకపోయినా వచ్చినవారిని మాత్రం బాగా పీడిస్తుంది. మన కండలో, ఎముకలో రక్తం పారుతుంది, ఆ రక్తంతోపాటు రోగనిరోధక కణాలు, మందు వెళ్తాయి. లోహంలోకి రక్తం వెళ్లదు. చర్మం మీద మామూలుగా ఉండే స్టెఫైలోకోకస్ జాతి సూక్ష్మజీవులు ఆ లోహానికి అంటుకుని, తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. బయోఫిల్మ్ అనే ఈ పొర ముదిరాక లోపలున్న క్రిములను యాంటీబయాటిక్ చంపలేదు. పొర ఇంకా లేతగా ఉన్న తొలి మూడు నాలుగు వారాల్లో పట్టుకుంటే కీలును తెరిచి కడిగి, బంతినీ అస్తరునూ మార్చి, ఎముకలో పాతుకున్న గిన్నెనూ కాడనూ అలాగే ఉంచవచ్చు. ఆ గడువు దాటితే మొత్తం తీసేయక తప్పదు. తీసిన చోట యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మెను ఉంచి, వారాల తరబడి మందులిచ్చి, క్రిమి పోయిందని నమ్మకం కుదిరాక కొత్త కీలు వేయడం ఎక్కువమంది అనుసరించే పద్ధతి. అంటే రోగి రెండు పెద్ద ఆపరేషన్లు, వాటి మధ్య నెలల తరబడి ఎదురుచూపు తట్టుకోవాలి. ఎంపిక చేసిన రోగుల్లో రెండు పనులనూ ఒకే ఆపరేషన్‌లో ముగించే పద్ధతి జర్మనీలోని హాంబర్గ్‌లో 1970ల నుంచి నడుస్తోంది.

ఇక్కడ మన అలవాటు ఒకటి కీడు చేస్తుంది. కుట్ల దగ్గర తడి ఆగకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరో మందుల షాపులోనో యాంటీబయాటిక్ తెచ్చి వేసుకోవడం మామూలు. ఆ మాత్రలు పొరలోని క్రిమిని చంపలేవు, పైపై లక్షణాలను మాత్రం అణచేస్తాయి. ఆ తర్వాత కీలులోంచి సూదితో నీరు తీసి పరీక్షకు పంపినా క్రిమి పెరగదు, ఏ మందుకు లొంగుతుందో తేలదు. విలువైన మూడు నాలుగు వారాల గడువు అలా గడిచిపోతుంది. కుట్లు తడిగా ఉంటే ఆపరేషన్ చేసిన సర్జన్‌కే చూపించాలి, ఆయన చెప్పే దాకా ఏ యాంటీబయాటిక్ వేసుకోకూడదు.

కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం, సయాటిక్ నరం దెబ్బతిని పాదం వాలిపోవడం, ఒక కాలు కొంచెం పొడవు కావడం కూడా తొలి దశ చిక్కులే. రక్తం పలచబడే మందులు, త్వరగా నడిపించడం, ముందస్తు కొలతలు వీటిని చాలావరకు అదుపులో పెట్టాయి.

అరిగిన పొడి చేసే పని

పదేళ్లు దాటాక వచ్చే చిక్కు వేరు. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఇంగ్లండులోని రైటింగ్‌టన్ ఆసుపత్రికి వెళ్లాలి. ఆధునిక తుంటి మార్పిడికి ఆద్యుడైన జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో గిన్నెను టెఫ్లాన్‌తో చేశాడు. అది చాలా నున్నటి పదార్థం, రోగులు వెంటనే హాయిగా నడిచారు. సుమారు 300 మందికి ఆపరేషన్లు జరిగాక అసలు కథ బయటపడింది. రెండు మూడేళ్లలోనే టెఫ్లాన్ గిన్నె అరిగి, ఆ పొడి పేరుకున్న చోటల్లా కణజాలం గడ్డకట్టి, పక్క ఎముక తినేసినట్టయింది. చార్న్‌లీ ఆ కీళ్లను తానే మళ్లీ తెరిచి తీయాల్సి వచ్చింది. తీసిన పదార్థాన్ని తన తొడలోనే పాతించుకుని శరీరం దానికెలా స్పందిస్తుందో చూశాడు. 1962లో హ్యారీ క్రేవెన్ అనే ఆయన సహాయకుడు పాలిథిలిన్ అనే మరో ప్లాస్టిక్‌ను అరుగుదల యంత్రం మీద పెట్టి చూశాడు. టెఫ్లాన్ ఒక్కరోజులో అరిగినంత కూడా అది మూడు వారాల్లో అరగలేదు. ఆ ఏడాది నవంబరు నుంచి వేసిన పాలిథిలిన్ గిన్నెలే నేటి తుంటి మార్పిడికి పునాది.

పాలిథిలిన్ తక్కువ అరుగుతుంది, అసలు అరగకుండా మాత్రం ఉండదు. మామూలుగా నడిచే మనిషి ఒక్కో కాలు మీద ఏడాదికి పది లక్షల అడుగులు వేస్తాడు. ప్రతి అడుగుకూ మైక్రాన్ కన్నా చిన్న రేణువులు లక్షల్లో రాలుతాయని అంచనా. శరీరంలోని మాక్రోఫేజ్ కణాలు పరాయి వస్తువు కనిపిస్తే మింగి అరిగించుకుంటాయి. ప్లాస్టిక్ రేణువు వాటికి అరగదు. అరగక రేగిపోయిన ఆ కణాలు రసాయన సంకేతాలు విడుదల చేస్తాయి. ఆ సంకేతాలు అందుకుని ఆస్టియోక్లాస్ట్‌లు, అంటే మామూలుగా పాత ఎముకను కరిగించి కొత్తదానికి చోటు చేసే కణాలు, అవసరానికి మించి ఎముకను కరిగిస్తాయి. గిన్నె వెనకా, కాడ పక్కనా బోలు ఏర్పడుతుంది. చివరికి కీలు వదులవుతుంది.

ఈ సంగతి తేలడానికే చాలా ఏళ్లు పట్టింది. కీలును ఎముకకు అతికించే సిమెంటే ఎముకను తినేస్తోందని 1980ల వరకు చాలామంది నమ్మారు, దానికి సిమెంటు జబ్బు అని పేరు కూడా పెట్టారు. సిమెంటు లేకుండా ఎముకే గరుకు లోహంలోకి పెరిగి పట్టుకునే కీళ్లను తయారు చేశారు. వాటి చుట్టూ కూడా అవే బోలులు కనిపించాక దోషం ప్రధానంగా అరిగిన పొడిదని స్పష్టమైంది. ఆ తర్వాత రేడియేషన్‌తో ప్లాస్టిక్ అణుగొలుసులను ఒకదానికొకటి ముడివేసి గట్టిపరచిన పాలిథిలిన్ 1990ల చివర్లో వాడకంలోకి వచ్చింది. దాని అరుగుదల పాతదానిలో చిన్న భాగమే. నేడు ఆపరేషన్ చేయించుకునేవారికి అది పెద్ద వరం, అయితే పాత ప్లాస్టిక్‌తో నడుస్తున్నవారు ఇంకా చాలామంది ఉన్నారు.

ఎముక కరుగుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు. మిగిలిన ఎముక కీలును పట్టుకుని ఉన్నంతవరకు మనిషికి తేడా తెలియదు. కీలు కదలడం మొదలయ్యాకే నొప్పి వస్తుంది. గిన్నె వదులైతే గజ్జల్లో, కాడ వదులైతే తొడలో నొప్పి పుడుతుంది. కుర్చీలోంచి లేచిన మొదటి నాలుగు అడుగులు బాధించి, తర్వాత సర్దుకోవడం దీని గుర్తు. అప్పటికి బోలు ఎంతో పెరిగి ఉండవచ్చు, పలచబడిన తొడ ఎముక చిన్నపాటి జారుడుకే విరిగిపోనూవచ్చు.

నొప్పి చెప్పని ఆ సంగతిని ఎక్స్-రే చాలా ముందే చెబుతుంది. ప్లాస్టిక్ అస్తరు ఎక్స్-రేలో కనిపించదు. గిన్నె అంచుకూ బంతికీ మధ్య ఖాళీగా కనిపించే చోటే అది ఉంటుంది. కొత్త కీలులో ఆ ఖాళీ పైనా కిందా సమానంగా ఉండి, బంతి సరిగ్గా గిన్నె నడుమ కూర్చుంటుంది. అస్తరు అరిగితే బంతి పైకి జరుగుతుంది, పై ఖాళీ సన్నబడి కింది ఖాళీ వెడల్పవుతుంది. ఏటా పదో వంతు మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరుగుతుంటే ఎముక కరిగే ముప్పు పెరుగుతుంది. అయితే ఈ జరుగుబాటును కొలవాలంటే పాత ఎక్స్-రే పక్కనే ఉండాలి. ఒక్క ఫిల్ము చూసి ఎంత వేగంగా అరుగుతోందో ఎవరూ చెప్పలేరు.

రెండో ఆపరేషన్ ఎందుకంత కష్టం

తలుపు మడతబందు అరిగిపోతే కొత్తది కొనితెచ్చి బిగించడం ఎంతసేపు పని? అదే గుమ్మం చెక్క చెదపట్టి గుల్లబారితే ఎంత ఖరీదైన బందు తెచ్చినా స్క్రూ పట్టదు. వడ్రంగి ముందు కుళ్లిన చెక్క చెక్కేసి, మంచి చెక్క అతికి, అప్పుడు బందు గురించి ఆలోచించాలి. రివిజన్ అనే రెండో ఆపరేషన్ పరిస్థితి ఇదే. పని ఎంత కష్టమో నిర్ణయించేది కొత్త కీలు కాదు, మిగిలిన ఎముక. అస్తరు మాత్రమే అరిగి, గిన్నె, కాడ గట్టిగా ఉన్నప్పుడు పట్టుకుంటే అస్తరునూ బంతినీ మార్చి, బోలులో ఎముక పొడి నింపి ముగించవచ్చు. గిన్నె వదులై కటి ఎముకలోకి చొచ్చుకుపోయాక అదే మనిషికి చేయాల్సింది పూర్తిగా వేరే ఆపరేషన్.

కీలు భాగాల్లో ఒకటి వదులై ఊడి వచ్చినా మరొకటి గట్టిగా పట్టుకుని ఉండటం కూడా చిక్కే. ఎముక అల్లుకున్న కాడను బలంగా లాగితే తొడ ఎముకే చీలిపోతుంది. అందుకే కొన్నిసార్లు తొడ ఎముక పై భాగాన్ని పక్కనుంచి పొడవునా కోసి తెరిచి, కాడనూ లోపలి సిమెంటునూ విడిపించి, కోత కిందిదాకా దిగే పొడవైన కొత్త కాడను వేసి, తెరిచిన ఎముకను లోహపు తీగలతో చుట్టి కడతారు. పోయిన ఎముక స్థానంలో ఏం పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని నైమెగెన్, ఇంగ్లండులోని ఎక్సిటర్ సర్జన్లు ఎముక బ్యాంకులోని ముక్కలను నూరి, బోలులో గట్టిగా దట్టించి, దాని మీద కీలును అతికించే పద్ధతిని నిలబెట్టారు. ఆ ముక్కలు ఎక్కువగా, మొదటిసారి తుంటి మార్పించుకునేవారి నుంచి తీసి భద్రపరచిన తొడ ఎముక తలలే. ఇప్పుడు ఎముక లోపలికి పెరగగలిగే సందులున్న టాంటలమ్, టైటానియం దిమ్మెలను కూడా వాడుతున్నారు. ఇంత చేసినా రెండో కీలుకు మొదటిదాని ఆయుష్షు ఉండదు. కీలు తప్పడం, ఇన్ఫెక్షన్ రెండూ రెండో ఆపరేషన్ తర్వాత ఎక్కువ. అందుకే ఎముక ఉండగానే పట్టుకోవాలన్న మాటకు అంత విలువ.

కొత్తది, ఖరీదైనది వేయించుకుంటే సరిపోదా?

చాలామందికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. పాత ప్లాస్టిక్‌తోనే గొడవైతే, డబ్బు పెట్టి తాజాగా వచ్చిన కీలు వేయించుకుంటే పోతుంది కదా? ఈ ఆలోచనకు చరిత్ర గట్టి దెబ్బ కొట్టింది. ప్లాస్టిక్ పొడి బాధ తప్పించాలని లోహపు గిన్నెలో లోహపు బంతి తిరిగే కీళ్లు 2000ల మొదట్లో జోరుగా వచ్చాయి. పెద్ద బంతి కాబట్టి జారదు, లోహం కాబట్టి అరగదు, యువకులకు ఇదే సరైనదని ప్రచారం జరిగింది. జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన డిప్యూ కంపెనీ 2003లో తెచ్చిన ఏఎస్ఆర్ అనే కీలు వాటిలో ఒకటి. లోహం రాపిడికి కోబాల్టు, క్రోమియం రక్తంలోకి చేరాయి, కీలు చుట్టూ కండ కుళ్లి గడ్డలు కట్టాయి. ఐదేళ్లు తిరిగేసరికి దాదాపు 12, 13 శాతం కీళ్లను తీసేయాల్సి వస్తోందని బ్రిటన్ రిజిస్టర్ చూపింది. 2010 ఆగస్టులో కంపెనీ ప్రపంచమంతటా దాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి సుమారు 93 వేల మందికి అది వేసేశారు.

ఆ లోపాన్ని అందరికన్నా ముందు పసిగట్టింది ఆస్ట్రేలియా రిజిస్టర్. ఏ రోగికి ఏ కీలు వేశారు, అది ఎప్పుడు తీయాల్సి వచ్చింది అన్నది దేశమంతా ఒకే పుస్తకంలో రాయడం వల్లే అది సాధ్యమైంది. స్వీడన్ 1979 నుంచీ ఇలా రాస్తోంది. మన దేశంలో సుమారు 4,700 మందికి ఏఎస్ఆర్ కీళ్లు వేశారు. 2018లో ప్రభుత్వం పరిహారం తేల్చడానికి పూనుకునేసరికి వారిలో వేలమంది ఎక్కడున్నారో తెలియలేదు. దేశవ్యాప్తంగా తప్పనిసరి రిజిస్టర్ లేకపోవడమే అందుకు కారణం. కాబట్టి కొత్తదనం, ధర నమ్మకానికి ఆధారాలు కావు. పదేళ్లకు పైగా రిజిస్టర్లలో నిలిచిన కీలే నమ్మదగింది.

నొప్పి లేనప్పుడు ఎందుకు వెళ్లాలి?

ఇంకో అభ్యంతరం మరింత బలమైనది. బాగా నడుస్తున్న మనిషిని ఎక్స్-రేల కోసం ఆసుపత్రుల చుట్టూ తిప్పడం డబ్బు దండగ కాదా? బ్రిటన్‌లోనే జరిగిన పరిశోధన, బాగా నిరూపణైన కీళ్లు వేయించుకున్నవారిలో మొదటి ఏడాది తర్వాత పదేళ్ల వరకు క్రమం తప్పని పరీక్షలు మానేసినా ఫరవాలేదని తేల్చింది. ఈ ఫలితాన్ని తోసిపుచ్చలేం. అయితే దానికి రెండు షరతులున్నాయి. పదో ఏట మాత్రం పరీక్ష, ఎక్స్-రే తప్పకుండా చేయించాలని అదే పరిశోధన చెబుతోంది. అదీగాక అక్కడ రోగి ఇంట్లో నిశ్చింతగా ఉన్నా, ఆయన కీలు నమూనా ఎలా పనిచేస్తోందో రిజిస్టర్ కనిపెట్టి చూస్తుంటుంది. మన దగ్గర ఆ పని రోగి, ఆయన సర్జన్ కలిసి చేసుకోవాలి. ఏ కీలు వేశారో కూడా తెలియని మనిషికి బ్రిటన్ రోగికున్న భరోసా వర్తించదు.

ఇదంతా చదివితే ఆపరేషన్ అంటేనే భయం పట్టుకుంటుందని కొందరు అనవచ్చు. భయపడి వాయిదా వేసుకుంటూ పోవడానికీ మూల్యం ఉంది. కండలు చిక్కిపోతాయి, నడుము, రెండో కాలు దెబ్బతింటాయి, నొప్పి మాత్రలు కిడ్నీలను తినేస్తాయి. తుంటి పూర్తిగా చెడిపోయి నిద్ర, నడక కరువైనవారికి మార్పిడిని మించిన చికిత్స నేటికీ లేదు. తెలియాల్సిందల్లా, ఆపరేషన్ రోజుతో చికిత్స ముగియదన్నది.

కృత్రిమ కీలు భాగాల పెట్టె మీద కంపెనీ పేరు, నమూనా, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. ఆపరేషన్ గదిలో వాటిని ఊడదీసి కేస్ షీటు మీద అంటిస్తారు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆ స్టిక్కర్ల నకలు అడిగి తీసుకోండి. ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి ఎక్స్-రేతోపాటు దాన్ని ఆస్తి కాగితాలు పెట్టే చోటే భద్రపరచండి. ఏడాది నిండగానే ఒకసారి చూపించుకోండి, ఆ తర్వాత సర్జన్ చెప్పిన వ్యవధిలో, బాగా ఉన్నా సరే పదో ఏట తప్పకుండా వెళ్లండి. గజ్జల్లోనో తొడలోనో కొత్తగా నొప్పి మొదలైతే ఆ వ్యవధి కోసం ఆగకండి. ప్రతి కీలు మార్పిడినీ నమోదు చేసే తప్పనిసరి రిజిస్టర్ దేశానికి కావాలని ప్రజాప్రతినిధులను, వైద్య సంఘాలను అడగాల్సిన బాధ్యత కూడా మనదే.